టీవీ చూడని కల్వర్టు

మా ఆఫీసు పేరు జిల్లా చిన్న వంతెనలు, కల్వర్టుల సంస్థ. పెద్ద వంతెనలు మా పరిధిలోకి రావు. రెండు తాటిదుంగలు అడ్డం వేస్తే సరిపోయే మరీ చిన్నవి కూడా రావు. మధ్యలో మిగిలినవే మావి. ఆ మధ్య అనేది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న విషయం మీద మాకూ రోడ్ల శాఖకూ ఏళ్ళ తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. ఆ ఉత్తరాలు రాసే సీనియర్ అసిస్టెంటుని నేను. పేరు డబ్బీరు కామేశం.

ఆ వేసవిలో మా సమావేశాల గదికి గోడంత టీవీ ఒకటి వచ్చింది. దాని వెనకే రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది. అందులో ఇలా ఉంది: "ఇకపై సమీక్షా సమావేశములన్నియు కాగిత రహితముగా, తీగ రహితముగా జరుపవలెను. లాప్‌టాప్ నుండి టీవీ తెరపైకి ఎట్టి తీగయు లేకుండ ప్రదర్శింపబడిన అంశము మాత్రమే ప్రభుత్వ దృష్టికి వచ్చినట్లు భావించవలెను. అట్లు ప్రదర్శింపబడని అంశము, ఎంతటి వాస్తవమైనప్పటికీ, లేనట్లుగానే పరిగణింపబడును."

మా డిప్యూటీ డైరెక్టర్, అందరూ డీడీ అని పిలిచే జనార్దనం గారు "ఎంతటి వాస్తవమైనప్పటికీ" అన్నచోట ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా సర్వీసులో ఇంత ఉపశమనం కలిగించిన వాక్యం చదవలేదయ్యా కామేశం," అన్నారు.

టీవీ పెట్టెలోనే ఒక నల్లటి తీగ కూడా వచ్చింది. వేలంత లావుంది. అంతకు ముందురోజు నేను దాని ఒక కొస లాప్‌టాప్‌కీ రెండో కొస టీవీకీ తగిలించి చూశాను. లాప్‌టాప్‌లో ఉన్నదంతా తక్షణం టీవీలో కనిపించింది. ఆ మాట ఆయనకు చెప్పాను.

"ఇంత తేలిగ్గా వచ్చేస్తే ఇక అందులో సంస్కరణ ఏముందయ్యా?" అని ఆయన ఆ తీగను కవర్లో పెట్టించి, లక్క ముద్ర వేయించి, స్టోర్సుకు పంపించేశారు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం తిరగడమంటే ఏమిటో చిన్నప్పుడు బళ్ళో చదివాను. ఆఫీసులో కళ్ళారా చూశాను.

ఆ వారాన్ని తీగ విముక్తి వారోత్సవంగా జరుపుకున్నాం. అందరం వరసగా నిలబడి కుడిచెయ్యి చాచి, తీగ ముట్టబోమని ప్రతిజ్ఞ చేశాం. కాలింగ్ బెల్ తీగ పీకేశారు. అప్పట్నుంచి డీడీ గారు అటెండరును చప్పట్లు కొట్టి పిలిచేవారు. ఆ చప్పట్లు విని పక్కగదిలో వాళ్ళు ఎవరో ప్రమోషన్ మీద వెళుతున్నారనుకుని తామూ కొట్టేవారు. టెలిఫోన్ తీగ తీసేశారు. ఆడవాళ్ళ భోజనాల గదిలో చేతి తువ్వాళ్ళు ఆరేసుకునే ఇనప తీగ కూడా పోయింది.

చిక్కంతా లాప్‌టాప్ ఛార్జరుతో వచ్చింది. అదీ తీగే కదా. చివరికి దాన్ని రికార్డు గదిలో బీరువా వెనక దాచి, లాప్‌టాప్‌ను మధ్యాహ్నం పూట అక్కడికి తీసుకుపోయేవాళ్ళం. ఎవరైనా అడిగితే లాప్‌టాప్ భోజనానికి వెళ్ళిందని చెప్పేవాళ్ళం. టీవీ కరెంటు తీగ మాత్రం తీయడానికి వీల్లేకపోయింది. అందుకని దానిమీద బంతిపూల దండ కప్పాం. పని మీద వచ్చిన రైతు ఒకడు అంత టీవీకి దండ ఉండడం చూసి చెప్పులు విప్పి, "ఎప్పుడు పోనాడు బాబూ?" అని మెల్లగా అడిగాడు.

ఇలా ఉండగా గెడ్డవలస సర్పంచ్ గురుగుబెల్లి తవిటమ్మ వచ్చింది.

గెడ్డవలస పేరుకు తగ్గట్టు గెడ్డకు, అంటే కొండవాగుకు, అవతల ఉంటుంది. వేసవిలో ఆ గెడ్డ ఉందంటే ఉంది. వానలు పడ్డాయంటే మాత్రం మనిషిలోతు పరిగెడుతుంది. దానిమీద ఉన్న ఒకే ఒక కల్వర్టు కిందటేడు వరదకు కొట్టుకుపోయింది. కొత్తది కట్టడానికి ఎస్టిమేటు నేనే తయారు చేయించాను. సమీక్షలో కమిషనర్ గారు సరేనంటే చాలు. రెండు వరసల సిమెంటు గొట్టాలు, పైన కాంక్రీటు, అంతే పని.

తవిటమ్మ యాభై దాటిన మనిషి. ముతక చీర, నుదుట రూపాయంత బొట్టు. చేతిలో ఒక ఫోటో పట్టుకుని తిన్నగా డీడీ గారి గదిలోకి వచ్చి నిలబడింది.

"బాబూ, మా కల్వర్టు సంగతి ఏటయినాది? కోడలికి ఏడో నెల. ఆషాడం దాటితే పురుడు. వోనలు పడితే గెడ్డ దాటనేం. పోయినేడు అప్పలసూరి పెల్లాన్ని మంచం మీద మోసుకెల్లినాం, పీకలదాకా నీల్లు. ఇదిగో, ఇది సూడండి, ఎలగున్నాదో."

ఫోటో ముందుకు చాచింది. డీడీ గారు చటుక్కున కళ్ళు మూసుకున్నారు.

"వద్దమ్మా, వద్దు. చూస్తే నా దృష్టికి వచ్చినట్టవుతుంది. కాగితం మీద ఉన్నదాన్ని దృష్టికి తెచ్చుకునే అధికారం నాకిప్పుడు లేదు. అది టీవీ మీద రావాలి. అదీ వైరు లేకుండా రావాలి."

తవిటమ్మ ఆయన మూసుకున్న కళ్ళవంక కాసేపు చూసింది.

"మీ కల్లకేటి, వైరున్నాదా బాబూ?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ప్రభుత్వోద్యోగికి సిగ్గేస్తే ఏ పద్దు కింద రాసుకోవాలో నిబంధనల్లో లేదు కనక, "రండమ్మా, టీవీలో పెట్టే ఏర్పాటు చేస్తాను," అని ఆమెను బయటికి తీసుకొచ్చాను.

గెడ్డ ఫోటోలు, అప్పలసూరి భార్యను మంచం మీద మోస్తున్న ఫోటో, ఎస్టిమేటు, పిల్లలు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడుస్తున్న బొమ్మలు అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. కమిషనర్ గారు వచ్చేలోగా ఒకసారి సరిచూసుకుందామని సమావేశాల గదిలో పెట్టాను. డీడీ గారు, స్టోర్సు సూపరింటెండెంటు ఫణిభూషణం గారు కూర్చున్నారు. తవిటమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. తీగ లేకుండా కలపడానికి లాప్‌టాప్‌లో ఒక మీట ఉంది. అది నొక్కాను.

టీవీ తెర మీద ఒక పెట్టె వెలిసింది. అందులో ఉన్న ఇంగ్లీషును తెలుగులో చెప్పుకోవాలంటే ఇంతే: "కామేశం లాప్‌టాప్ ఈ టీవీతో కలవాలనుకుంటోంది. అనుమతించాలా, తిరస్కరించాలా?"

నేను రిమోట్ కోసం చెయ్యి చాపాను.

"ఆగండి!" అన్నారు ఫణిభూషణం గారు.

రిమోట్ ఆయన స్వాధీనంలో ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవరును గుడ్డ సంచిలో పెట్టి, ఆ సంచిని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆరోజు ఇంకా సంచి దాకే వచ్చింది.

"మీరెలా అనుమతిస్తారండీ?" అన్నారాయన. "అనుమతి కోరుతున్నది మీ లాప్‌టాప్. మీ అర్జీ మీద మీరే ఉత్తర్వులు వేసుకుంటారా?"

"పోనీ, మీరు నొక్కండి."

"నేను రిమోట్‌కి సంరక్షకుణ్ణి. అనుమతులిచ్చే హోదా నాది కాదు."

ఇద్దరం డీడీ గారి వంక చూశాం. ఆయన కుర్చీలో సర్దుకున్నారు. "నేను కార్యాలయాధిపతిని, నిజమే. కానీ టీవీ కమిషనర్ గారి నిధులతో కొన్నది. కమిషనర్ గారి ఆస్తి మీదికి బయటి యంత్రాన్ని అనుమతించడానికి సమర్థాధికారి ఎవరు? తొందరపడి నొక్కామనుకోండి, రేపు ఆడిట్‌లో అడుగుతారు."

ఈ చర్చ జరుగుతుండగా తెర మీది పెట్టె మాయమైంది. గడువు ముగిసిందని ఒక ముక్క కనిపించి అదీ పోయింది. టీవీ అర నిమిషం కంటే ఎక్కువ ఆగదు.

డీడీ గారు టీవీ వంక గౌరవంగా చూశారు. ఏళ్ళ తరబడి అర్జీ పెట్టుకున్నవాళ్ళకు ఏమీ చెప్పకుండా తిప్పే ఆఫీసు మాది. అర నిమిషంలో గడువైపోయిందని ముఖం మీద చెప్పేసే అధికారిని ఆయన అప్పుడే చూశారు.

"ఫైలు పెట్టండి," అన్నారు.

నేను ఫైలు పెట్టాను. "లాప్‌టాప్‌ను టీవీతో కలుపుటకు అనుమతి మంజూరు చేయు విషయము" అని పైన రాశాను. ఆ ఫైలు రాజధానికి వెళ్ళి కొన్ని ప్రశ్నలతో తిరిగొచ్చింది. సదరు లాప్‌టాప్ పర్మనెంటా, తాత్కాలికమా? అనుమతి ఆ ఒక్క పూటకా, శాశ్వతంగానా? సదరు లాప్‌టాప్ గతంలో మరే ఇతర టీవీతోనైనా కలిసి యున్నదా? ఉన్నచో వివరములు.

లాప్‌టాప్ నడవడి మంచిదనీ, దానిమీద శాఖాపరమైన విచారణలేవీ లేవనీ, మా టీవీ తప్ప మరో టీవీ మొహం ఎరగదనీ జవాబు రాశాను. డీడీ గారు ఆ చివరి వాక్యం కింద గీత గీసి మెచ్చుకున్నారు.

ఇలా ఉత్తరాలు నడుస్తున్నంతకాలం తవిటమ్మ ప్రతి సోమవారం వచ్చేది. ఉదయం బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. మా ఆఫీసు వెనక వేపచెట్టు నీడన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలు పడి ఉండేవి. ఎప్పుడో ఎక్కడో కట్టాల్సిన వంతెన రద్దయితే అవి అక్కడే మిగిలిపోయాయి. వాటిలో కుక్కలు పిల్లల్ని పెట్టేవి. తవిటమ్మ ఆ గొట్టాల మీదే కూర్చుని, చద్దన్నం మూట విప్పుకునేది. నేను కాఫీకి వెళ్ళేటప్పుడు పలకరించేవాణ్ణి.

"టీవీ ఒప్పుకున్నాదా బాబూ?"

"ఇంకా లేదమ్మా. రాజధాని నుంచి ఉత్తర్వు రావాలి."

"కోడలికి ఎనిమిదో నెలొచ్చినాది," అనేది. కోపం లేదు, ఏడుపు లేదు. రైలు వేళ చెప్పినట్టు చెప్పేది. ఆ తర్వాత తాగిన కాఫీ చప్పగా ఉండేది.

చివరికి ఉత్తర్వు వచ్చింది. కమిషనర్ గారు స్వయంగా సమీక్షకు వస్తారు. ఆ సందర్భంలో ఒక్కసారికి మాత్రం డీడీ గారు "అనుమతించు" మీట నొక్కవచ్చు. అయితే రిమోట్ సంరక్షకుడి చేతుల్లోంచి బయటికి పోరాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఫణిభూషణం గారి పట్టు ఆయనకు దక్కింది. ఆయన రెండు అరచేతుల మీదా రిమోట్ పెట్టుకుని పళ్ళెంలా పట్టుకోవాలనీ, డీడీ గారు వంగి వేలితో నొక్కాలనీ నిర్ణయమైంది. రెండు మధ్యాహ్నాలు అలా అలవాటు చేసుకున్నారు. డీడీ గారికి నడుము పట్టేసింది.

సమీక్ష రోజు రానే వచ్చింది. ఆకాశం మబ్బేసి ఉంది. కమిషనర్ గారు వచ్చి పెద్ద కుర్చీలో కూర్చున్నారు. టీవీకి కొత్త బంతిపూలు. లాప్‌టాప్ కడుపునిండా భోజనం చేసి వచ్చింది. తవిటమ్మకు గదిలో కుర్చీ లేదు. బయట వరండాలో నిలబడింది.

నేను కలిపే మీట నొక్కాను. లాప్‌టాప్ చుట్టుపక్కల ఉన్న టీవీల పేర్లు చూపించింది. రెండు కనిపించాయి. రెండింటికీ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు, కంపెనీ వాడు పెట్టిన పేరు. మా ప్రహరీగోడను ఆనుకునే సిమ్మయ్య టిఫిను హోటలుంది. మా టీవీ చూసి ముచ్చటపడి అతను అదే కొట్లో అదే టీవీ కొన్నాడు. మా దానికి వేరే పేరు పెట్టుకుందామని నేను ముందే రాశాను. పేరు పెట్టడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఇంకా కూర్చోలేదు.

"రెండున్నాయండీ," అని డీడీ గారి చెవిలో చెప్పాను. "ఏది మనదో తెలియడం లేదు."

"పైదే నొక్కు," అన్నారాయన పళ్ళ మధ్య నుంచి. "కమిషనర్ గారి ఎదుట కిందిది నొక్కుతావా?"

పైది నొక్కాను.

ఫణిభూషణం గారు రిమోట్ పళ్ళెం పట్టారు. డీడీ గారు వంగారు. వేలు చాచారు. టీవీ మాత్రం ఏమీ అడగలేదు. నీలంగా, నిర్మలంగా ఉంది. ఇంతలో నా లాప్‌టాప్ మీద "అనుమతి లభించింది" అని వచ్చింది. ప్రహరీగోడ అవతల సిమ్మయ్య, వడ వేగుతున్న మూకుడు దగ్గర్నుంచి తన రిమోట్ అందుకుని నొక్కేశాడన్నమాట. సమర్థాధికారి ఎవరని అతను ఎవర్నీ అడగలేదు. వెంటనే కిటికీలోంచి ఒక కేక వినిపించింది.

"ఓర్నాయనో! ఇది గెడ్డవలస గెడ్డ కాదేట్రా?"

మరో గొంతు: "ఆ బడి గుంటల్ని సూడండ్రా, సంచులు నెత్తినెట్టుకుని ఎలగెల్తన్నారో!"

మా గదిలో కమిషనర్ గారు ఖాళీ తెర వంక చూస్తున్నారు. డీడీ గారు వంగినవారు వంగినట్టే ఉన్నారు. నడుము మళ్ళీ పట్టేసింది.

"తెర మీద ఏమీ లేదే," అన్నారు కమిషనర్ గారు.

"చిత్తం," అన్నారు డీడీ గారు నేలచూపులతో.

కమిషనర్ గారు ఆలోచించారు. సర్క్యులర్ రాసింది ఆయనే. "ప్రదర్శింపబడనిది లేనట్లుగా పరిగణించాలి. ఈ జిల్లా నుంచి ఒక్క సమస్యా ప్రదర్శింపబడలేదు. అంటే ఈ జిల్లాలో సమస్యలు లేవు." ఆయన గొంతు మెల్లగా ఉద్వేగంతో నిండింది. "జనార్దనం గారూ! రాష్ట్రంలో ఇంతవరకు ఏ జిల్లా కూడా ఈ స్థాయికి రాలేదు. ప్రతి చోటా ఏదో ఒక వంతెన, ఏదో ఒక గొడవ తెర మీద కనిపించేది. మీరు సాధించారు."

ఆ మాట వినగానే డీడీ గారి నడుము దానంతటదే నిటారైంది.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "అయ్యా, బొమ్మ పక్క హోటల్లో ఉంది," అని చెబుదామనుకున్నాను. గోడ అవతల చప్పుడు వింటే మరో ఆలోచన వచ్చింది. ఆ హోటల్లో టిఫిను తినేవాళ్ళంతా ట్రాక్టరు డ్రైవర్లు, మేస్త్రీలు, ఇసుక బళ్ళవాళ్ళు. మా గదిలో ఉన్నవాళ్ళెవరికీ కల్వర్టు కట్టడం రాదు. నోరు మూసుకుని కూర్చుని, కమిషనర్ గారు అభినందనలు చెబుతున్నంతసేపూ ఒక్కొక్క బొమ్మే జరుపుతూ పోయాను. గెడ్డ బొమ్మ, పిల్లల బొమ్మ, మంచం మీద అప్పలసూరి భార్య, ఎస్టిమేటు, గొట్టాల కొలతలు. గోడ అవతల ఒకడు కొలతలు పైకి చదువుతున్నాడు. చివరి బొమ్మ అయ్యేసరికి ఎవరో అన్నారు, "తవిటమ్మ అక్కడే వరండాలో ఉన్నాది, పిలండ్రా!"

కమిషనర్ గారు జనార్దనం గారికి శాలువా కప్పి, "సమస్యలు లేని జిల్లా" అని ప్రశంసాపత్రం ఇచ్చి, మరో జిల్లా సమస్యలు చూడడానికి వెళ్ళిపోయారు.

మేమింకా ఆ పత్రం ఏ గోడకు తగిలించాలా అని చూస్తుండగానే ఆఫీసు వెనక ట్రాక్టర్ల చప్పుడైంది. వెళ్ళి చూస్తే వేపచెట్టు కింద రెండు ట్రాక్టర్లు, పది పన్నెండు మంది మనుషులు. ఒకడు కుక్కపిల్లల్ని జాగ్రత్తగా గొట్టంలోంచి తీసి గోనెసంచి మీద పెడుతున్నాడు. తవిటమ్మ నడుమున చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"ఏయ్, ఏమిటది? స్టాకు! స్టాకు ముట్టుకోకండి!" అని ఫణిభూషణం గారు పరిగెత్తారు.

తవిటమ్మ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది.

"కామేశం బాబూ, ఈ గొట్టాలు ఎప్పుడైనా మీ టీవీలో సూపించినారా?"

"లేదమ్మా," అన్నాను.

"వైరు నేకండా?"

"వైరుతో కూడా చూపించలేదు."

"మరయితే ఇవి ఉన్నట్టా బాబూ, నేనట్టా?"

ఆ ప్రశ్నకు అధికారిక జవాబు చెప్పాల్సింది డీడీ గారు. ఆయన శాలువాతో, ప్రశంసాపత్రంతో నా వెనకే వచ్చి నిలబడ్డారు. గొట్టాల వంక చూడబోయి సగంలో ఆపేశారు. ఆయన మనసులో ఏం నడుస్తోందో నాకు అద్దంలో చూసినట్టు తెలిసింది. గొట్టాలు ఉన్నాయంటే, వాడకుండా పారేసిన సామాను ఉన్నట్టు. అదో సమస్య. సమస్య ఉందంటే చేతిలో పత్రం చెల్లదు.

"ఫణిభూషణం గారూ," అన్నారు ఆకాశం వంక చూస్తూ, "తెరపై ప్రదర్శింపబడని సామానుకు మీరు కాపలా కాయడం ఎంతవరకు సమంజసం? లోపలికి రండి. ఎండగా ఉంది."

ఎండ లేదు, మబ్బుగా ఉంది. అయినా ఫణిభూషణం గారు లోపలికి వచ్చారు. లేని గొట్టాలను పట్టపగలు రెండు ట్రాక్టర్ల మీద వేసుకుని, లేని బరువుకు బండి చక్రాలు నేలలో దిగబడుతుంటే, అందరూ కలిసి తోసుకుంటూ తీసుకుపోయారు. నేను ఎస్టిమేటు నకలు ఒకటి డ్రైవరుకిచ్చాను. కుక్కపిల్లలు మాత్రం ఆఫీసులోనే మిగిలాయి.

తొలకరికి ముందే గెడ్డవలస కల్వర్టు లేచింది. మేస్త్రీలు కూలి తీసుకోలేదట. సిమెంటుకు ఊరంతా తలా ఇంత వేసుకున్నారట. సిమ్మయ్య రెండు పూటలా ఇడ్లీలు పంపించాడట. ఆషాఢం దాటకుండానే తవిటమ్మ కోడలికి నొప్పులు వస్తే ఆటోలో ఆ కల్వర్టు మీదుగానే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆడపిల్ల. ఈ కబురు సిమ్మయ్య హోటల్లో విని నేను రెండో కాఫీ చెప్పాను. చాలా కాలానికి కాఫీ బాగుందనిపించింది.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. మా శాఖలో ఏదీ బాగున్నచోట ఆగదు. గెడ్డవలసలో అనుమతి లేని కల్వర్టు ఒకటి ఉన్నట్టు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. కమిషనర్ గారి ఆఫీసు కంగారు పడింది. సమస్యలు లేని జిల్లాలో, మంజూరు కాని కల్వర్టు! "సదరు స్థలమునకు వెళ్ళి, సదరు కల్వర్టు లేదని స్వయముగా ధ్రువీకరించి నివేదిక పంపవలెను," అని ఉత్తర్వు వచ్చింది.

జీపులో డీడీ గారు, ఫణిభూషణం గారు, నేను బయలుదేరాం. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కల్వర్టు. కొత్త సున్నం వేసి తళతళలాడుతోంది. దానిమీద ఒక మేక నిలబడి నెమరు వేస్తోంది.

"ఇప్పుడెలాగండీ?" అన్నాను.

"పోనివ్వు," అని డీడీ గారు కళ్ళు మూసుకున్నారు. ఫణిభూషణం గారు కూడా మూసుకున్నారు. డ్రైవరు కూడా మూసుకోబోతే నేను అతని భుజం మీద చరిచాను. అలా కల్వర్టు మీదుగా వెళ్ళి, ఊళ్ళో రచ్చబండ మీద కూర్చుని, కల్వర్టు లేదని నివేదిక రాసుకున్నాం. ఎవరో మజ్జిగ ఇచ్చారు. తాగాం.

సంతకాలయ్యేసరికి వాన అందుకుంది. మామూలు వాన కాదు. కొండల మీద అప్పటికే కురుస్తోందేమో, తిరిగి గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎర్రనీళ్ళు కల్వర్టు గొట్టాల నోళ్ళ నిండుగా పారుతున్నాయి. కల్వర్టుకు అడ్డంగా ఒక వెదురుబొంగు కట్టి ఉంది. బొంగు పక్కన గోనెపట్టా కప్పుకుని తవిటమ్మ నిలబడి ఉంది. వెనక ఒక పాక చూరు కింద చంటిపిల్లను ఎత్తుకున్న కోడలు, నలుగురు ఊరివాళ్ళు.

జీపు ఆగింది. తవిటమ్మ డీడీ గారి కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీ జీపు ఈ కల్వర్టు దాటాలనుకుంటన్నాది బాబూ. అనుమతించాలా, వొద్దా?"

"ఇదేం ప్రశ్నమ్మా! త్వరగా తియ్యండి. నీళ్ళు పెరుగుతున్నాయి."

"నానెలగ తీస్తాను బాబూ? నాను కాపలాదాన్నే గదా. అనుమతిచ్చే సమర్థాదికారి ఎవులో పంచాయితీ కూకుని తేల్చాల. సోమారం కూకుంటాది."

డీడీ గారు నావంక చూశారు. నేను కిటికీలోంచి గెడ్డను చూశాను. ఫణిభూషణం గారు ఏదో నిబంధన చెప్పబోయి, తన కాళ్ళ కింద జీపులోకి నీళ్ళు కారుతుంటే మానేశారు.

"అమ్మా, నేను ప్రభుత్వాధికారిని!"

"ఎరుగుదును బాబూ. అయినా ఇక్కడ కల్వర్టే నేదని ఇందాకే కాయితం రాసినారట గదా. నేని కల్వర్టు మీదినుంచి జీపెలగ ఎల్తాది? మునిగిపోదూ?"

నీళ్ళు కల్వర్టు అంచు దాకా వచ్చాయి. ఒక కొబ్బరిమట్ట కొట్టుకొచ్చి గొట్టానికి అడ్డంపడి మళ్ళీ పోయింది. డీడీ గారు ఒళ్ళో ఉన్న నివేదిక చూసుకున్నారు, నీళ్ళు చూశారు. ఆయన ముఖంలో ఏదో తెగిపోయింది. కాగితం నిలువునా చింపి కిటికీలోంచి గెడ్డలోకి విసిరేశారు.

"ఉందమ్మా!" అని అరిచారు. "కల్వర్టు ఉంది!"

"సూసినారా బాబూ?"

"చూశాను! నా రెండు కళ్ళతో చూశాను!"

"టీవీలోనా?"

"టీవీలో కాదమ్మా, ఇక్కడే, ఎదురుగా!"

"వైరు నేకండానే?"

"వైరు లేకుండానే!" వానలో డీడీ గారి గొంతు బొంగురుపోయింది.

తవిటమ్మ తృప్తిగా తలూపింది. వెళ్ళి వెదురుబొంగు పైకెత్తి పట్టుకుంది.

"అయితే అనుమతించినాం, ఎల్లండి బాబూ," అంది. "అర నిమిషమే."